పదమూడు డిగ్రీలు దిగిన మీటరు

కైకలూరులో ఈ సంగతి ఎవరు చెప్పినా ఇలాగే మొదలుపెడతారు: చచ్చిపోయిన మస్తాన్‌బీ తెల్ల ముసుగులో వచ్చి కవర్లు అతికే సీలింగ్ మిషను నడిపిందట. ముందు ఇది కొట్టేయండి. ముసుగు లేదు. మనిషి లేదు. ఎవరికీ ఏ ఆకారమూ కనబడలేదు. అన్నిటికంటే ముఖ్యం, మస్తాన్‌బీ గారు చచ్చిపోలేదు. పోయిన నెల ఏలూరులో వాళ్ళమ్మాయి ఇంట్లో ఆవిడ ఎదురుగా కూర్చుని టీ తాగి వచ్చాను.

నేను ఫిజిక్సు చదివినదాన్ని. ఎవరైనా దయ్యం అంటే బరువెంత అని అడిగే రకం. అందుకే నా ముందు ఎవరూ అలాంటి కబుర్లు ఎత్తరు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, తప్పు పట్టగలిగితే పట్టండి.

మాది రొయ్యల పచ్చడి, ఎండు రొయ్యలు కవర్లలో నింపి అమ్మే చిన్న యూనిట్. తొమ్మిది మంది ఆడవాళ్ళు పనిచేస్తారు. నింపిన కవరు మూతి మిషనులో రెండు వేడి పట్టీల మధ్య నుంచి వెళ్ళి అతుక్కుంటుంది. వేడి తగ్గితే అతుకు విడిపోతుంది. ఎక్కువైతే అంచు మాడి, పెళుసెక్కి చిట్లుతుంది. ఎటైనా నూనె కారుతుంది.

ఆ మిషను మీద మస్తాన్‌బీ గారు ఎనిమిదేళ్ళు పనిచేశారు. అంకెలు చదవడం రాదు. అప్పట్లో వేడి పెంచడానికి, తగ్గించడానికి తిప్పే మర ఒకటి ఉండేది. రోజూ ఆ మర కాస్త అటూ ఇటూ తిప్పి, ఖాళీ కవరులో గాలి నింపి సీలు వేసి, నేల మీద పెట్టి దానిమీద నిలబడేవారు. భారీ మనిషి. కవరు పగలకపోతేనే పని మొదలు.

నాకు ఈ పద్ధతి నచ్చలేదు. రోజుకో వేడి ఏమిటి? తాడేపల్లిగూడెం నుంచి మెకానిక్కుని పిలిపించి అంకెల మీటరు పెట్టించాను. 165 డిగ్రీలని నిర్ణయించాను. రెండు రోజులు ఆవిడ అంకె తగ్గించే మీట నొక్కుతూ, ఆగి ఆగి, తనకి నచ్చిన చోటికి దించుకున్నారు. మూడో రోజు మీటరుకి నాలుగంకెల తాళం వేశాను. ఆ నంబరు నాకొక్కదానికే తెలుసు.

"మేడంగారూ, ఆ ఫ్యాను అటు తిప్పించండమ్మా," అన్నారావిడ. "గాలి తగిలి మీ మీటరుకి చలేస్తంది. చలేసి మంట పెంచేస్తంది. కవరు మాడిపోతంది."

"మీటరుకి చలేస్తే స్వెట్టరు అల్లమంటారా?" అన్నాను. అందరూ నవ్వారు. రొయ్యల వాసన భరించలేక ఆ ఫ్యాను పెట్టించింది నేనే మరి.

విశాఖపట్నం పంపిన సరుకు సగం కారుతూ వెనక్కి వచ్చింది. మా దగ్గర ఎక్కువ సరుకు కొనేది ఆ విశాఖ వ్యాపారులే. వచ్చే గురువారానికి మొత్తం కొత్తగా పంపమన్నారు, ఈసారి కారితే ఇక వద్దన్నారు. వాళ్ళు పోతే యూనిట్ మూసెయ్యాలి, తొమ్మిది మందీ మళ్ళీ ఐసులో చేతులు పెట్టి రొయ్యల తలలు తియ్యడానికి పోవాలి. నేను నెపమంతా మస్తాన్‌బీ గారి మీద వేశాను. అందరి ముందూ, "మీకు కళ్ళు ఆనడం లేదు, చెబితే వినరు" అన్నాను.

ఆవిడ చేతులు కడుక్కుని, "మీ మీటరే చూసుకుంటది లెండి" అని వెళ్ళిపోయారు.

మూడో రోజుకి కబురు తెలిసింది. ఏలూరులో కూతురింట్లో పక్షవాతం వచ్చి పడిపోయారట. మాట పోయిందట. నేను వెళ్ళలేదు. సరుకు పని ఉందని నాకు నేనే చెప్పుకున్నాను.

సోమవారం కవర్లు నింపే నాగమణిని మిషను దగ్గర కూర్చోబెట్టాను. పొద్దున సీలు వేసిన కవర్లు కాలు మోపితే పగిలాయి. మధ్యాహ్నం వేసినవి ఒక్కటీ పగల్లేదు. వెళ్ళి చూస్తే మీటరు మీద 152.

"ఎవరే తగ్గించింది?"

"నేను ముట్టుకోలేదండీ, మా పిల్లల మీద ఒట్టు. దానంతటదే కూసి దిగిపోయిందండీ."

"కూయడానికి అదేమన్నా కోడిపుంజా?"

మంగళవారం కూడా అంతే. మిషను ఆపి మళ్ళీ వేస్తే మీటరు నా 165కే వచ్చేది. పదకొండు దాటాక చూస్తే 152. తాళం వేసింది వేసినట్టే ఉంది.

బుధవారం నేనే కుర్చీ వేసుకుని మీటరుకి మూరెడు దూరంలో కూర్చున్నాను. పదకొండూ పదికి బీప్ అంది. 165 పోయి 164 వచ్చింది. మళ్ళీ బీప్. మీట నొక్కితే వచ్చే చప్పుడే, కానీ మీట లోపలికి కదల్లేదు, దానిమీద ఎవరి వేలూ లేదు. నిదానంగా, ఆగి ఆగి, పదమూడు సార్లు. 152 దగ్గర ఆగిపోయింది. నాగమణి లేచి గోడకి అంటుకుపోయింది. నేను పట్టీలు ఆ వేడికి దిగేదాకా ఆగి, గాలి కవరు సీలు వేసి దానిమీద నిలబడ్డాను. పగల్లేదు.

గురువారం పొద్దున పాత కవర్లు అయిపోయాయి. బజారులో మందం కవర్లే దొరికాయి. ఆ సంగతి మా యూనిట్ గోడ దాటలేదు. మందం కవరుకి ఎక్కువ వేడి కావాలి కాబట్టి 165 అలాగే ఉంచాను. ఈసారి గెలుపు నాదే అనుకున్నాను కూడా. పరీక్ష కవరు నా కాళ్ళ కింద ఠప్పుమంది. అంచు మాడింది.

పదకొండు దాటాక బీప్‌లు మొదలయ్యాయి. లెక్కపెట్టాను. ఏడే. 158 దగ్గర ఆగింది. ఇంకా దిగుతుందేమోనని చూశాం. దిగలేదు. కొత్త కవరు సీలు వేసి నేనెక్కాను, పక్కన నాగమణినీ ఎక్కించాను. ఇద్దరినీ మోసింది. సాయంత్రానికల్లా సరుకు లారీ ఎక్కింది. ఒక్క కవరూ తిరిగి రాలేదు. యూనిట్ నిలిచింది.

ఆదివారం ఏలూరు వెళ్ళాను, క్షమాపణ చెప్పడానికి. మస్తాన్‌బీ గారికి కుడి పక్క పూర్తిగా పడిపోయింది. ఎడమ చెయ్యి ఆడుతోంది. వాళ్ళమ్మాయి షకీలా టీ ఇస్తూ తనంతట తనే చెప్పింది. గమనించండి, నేనింకా మిషను మాట ఎత్తలేదు.

"సోమారం నుంచి పదకొండు దాటాక ఆ ఎడం చేతి వేలితో మంచం పట్టీ మీద కొట్టేదండీ. తస్బీ, అదే జపమాల, తిప్పుతున్నట్టు లెక్కపెడతందనుకున్నాం. తస్బీ అయితే ముప్పై మూడు రావాలి కదండీ. మా ఆయన లెక్కపెడితే పదమూడే. మూడు రోజులూ పదమూడే. గురువారం ఏడు కొట్టి ఆపేసిందండీ. ఈ చెయ్యి కూడా పడిపోతందేమోనని భయమేసి మా ఆయన డాక్టరు గారి కోసం పరిగెత్తారు."

"ఆ తర్వాత?"

"తర్వాత అసలు కొట్టనేలేదండీ."

టీ గ్లాసు కింద పెట్టేశాను. క్షమాపణ చెప్పాను. ఆవిడ విన్నారు, కళ్ళు మూసుకున్నారు.

మర్నాడు ఫ్యాను తిప్పించాను. మెకానిక్కు వచ్చి, వేడి కొలిచే తీగకి ఫ్యాను గాలి నేరుగా తగులుతోందని, మీటరు చూపించే దానికంటే పట్టీలు బాగా ఎక్కువ కాలుతున్నాయని తేల్చాడు. ఆవిడ చెప్పిందే. అంటే 152 ఎందుకు సరిపోయిందో ఫిజిక్సు చెబుతుంది. మరి అంకెలు ఎలా దిగాయయ్యా అంటే, "కొల్లేటి తేమండీ మేడం, మీటల్లోకి దిగుతుంది" అన్నాడు. తేమ సోమవారం నుంచి గురువారం దాకానే దిగుతుందా? కవరు మందం చూసి దిగుతుందా? మీటరు ఆ తర్వాత ఒక్కసారి కూడా తనంతట తాను మోగలేదు.

నాగమణి మాత్రం ఊరంతా తిరిగి, బతికున్న మనిషిని చంపేసి దయ్యాన్ని చేసి పెట్టింది. నాకు దయ్యం అక్కర్లేదు. నాకు జవాబు కావాలి.

పోయిన నెల వెళ్ళేసరికి ఆవిడకి రెండు మూడు మాటలు వస్తున్నాయి. నీళ్ళు అంటున్నారు, కూతురి పేరు అంటున్నారు. షకీలా వంటింట్లోకి వెళ్ళాక దగ్గరికి జరిగి అడిగాను. నా మొహంలోకే చూశారు. చెప్పలేకపోయారో, చెప్పదలచుకోలేదో. నేను మాత్రం వెళ్ళిన ప్రతిసారీ అడుగుతూనే ఉంటాను:

"మస్తాన్‌బీ గారూ, మిగతాదంతా వదిలేయండి. ఆ గురువారం కవర్లు మారాయని మీకెవరు చెప్పారు?"