మాఫీ చెప్పేదాక రక్తం ఇయ్యను

కన్నతండ్రి రక్తాన్ని పెరుగు చిలికినట్టు చిలికి పాడుచేసిన కొడుకును మీరు చూసి ఉండరు. అది నేనే. కాకపోతే మొదలుపెట్టింది మాత్రం కిటికీ లోపలి అమ్మాయి.

మాది చెన్నూరు దగ్గర. మా బాపుకు ముద్ద దిగడం మానేస్తే కరీంనగర్‌లో గొట్టం వేసి చూసి, అన్నవాహికలో క్యాన్సర్ అన్నారు. మందుకు లొంగే దశేనన్నారు. మొదటి మందు ఎక్కించే రోజు డాక్టరమ్మ వచ్చి మంచం పక్కన కూర్చుంది.

"పెద్దబాపూ, మన కణాలల్ల మైక్రో ఆర్‌ఎన్‌ఏలని సన్న తునకలుంటయి. ఏ జన్యువు నోరు మూయాల్నో అవే చూస్కుంటయి. గీ జబ్బుల కొన్ని పెరుగుతయి, కొన్ని తగ్గుతయి. మందు ఎక్కకముందు రక్తం ఇస్తే ఆ తేడా చూస్తం. ముద్ద అడ్డం పడకముందే జబ్బు తెలుస్తదేమోనని పరిశోధన. నీకైతే దీంతోని లాభం లేదు."

"నాకు ఆలస్యంగ తెలిసింది. ఇంకొకనికి జల్ది తెల్వనియ్యి. తీస్కో బిడ్డా," అన్నాడు బాపు.

నర్సు రక్తం తీసి ట్యూబు నా చేతిలో పెట్టింది. "కదపకుండ ల్యాబుల ఇచ్చి రా అన్నా. జల్ది."

ల్యాబు కిటికీ దగ్గర నేనే ముందున్నాను. లోపలి అమ్మాయి నా వెనకాయన ట్యూబు అందుకుంది.

"నేను ముంగట వచ్చిన," అన్నాను.

"జర పక్కకు జరుగు కాకా. ఆయనది అర్జెంటు."

కాకా అట. అప్పటికి నా మీసంలో ఒక్క తెల్ల వెంట్రుక లేదు.

"మాఫీ చెప్పు. అప్పటిదాక ఇయ్యను."

"దేనికి మాఫీ?"

"రెండిటికి."

"అన్నా, అది జల్ది మిషన్ల తిప్పాలె. ఊపకు, ఇటియ్యి."

"ఇప్పుడు అన్ననైతినా?"

మాటమాటకూ ట్యూబు ఊపాను, ఓట్లకు నిలబడ్డవాడు మైకు ఊపినట్టు. వరుసలో ఉన్నవాళ్లందరికీ చూపించి న్యాయం అడిగాను. పెద్ద డాక్టరు గది దాకా దాన్ని ఊరేగించాను. ఆయన సెలవు.

తిరిగొచ్చి ఇచ్చాక ఆ అమ్మాయి మిషన్‌లో తిప్పి చూపించింది. పైన లేత పసుపు రంగులో తేరాల్సిన నీరు దానిమ్మ రసంలా ఉంది.

"ఎర్రకణాలు పలిగినయి. వాటిల్ల ఉన్న ఆర్‌ఎన్‌ఏలు గూడ దీంట్ల కలిసినయి. ఇగ లెక్క తప్పుతది. పనికిరాదు."

అప్పటికే బాపు మంచం పక్కన మందు సీసా వేలాడుతోంది. అది ఎక్కడం మొదలైతే ఇక ఆ రక్తం ఇవ్వడానికి లేదు. పరుగెత్తాను.

"జర ఆగుండ్రి. బాపూ, రక్తం మళ్ల ఇయ్యాలె. అది ఖరాబైంది."

"ఎట్ల?"

"ఆ పిల్ల నన్ను కాకా అన్నది."

బాపు నర్సు వైపు చెయ్యి చాపాడు. "తియ్యి బిడ్డా. నాకు బువ్వ మింగుడు పడది, వీనికి మాట మింగుడు పడది. నాకైతే మందున్నది."

రెండో ట్యూబు కోసం ల్యాబు అమ్మాయే మంచం దాకా వచ్చింది. ఈసారి నీరు తేటగా తేరింది.

ఇప్పుడు బాపు జొన్న గటక తింటున్నాడు, ఉప్పు తక్కువైందని అమ్మ మీద లేస్తున్నాడు. మొన్న పరీక్షకు వెళ్తే, మందు తర్వాత ఏం మారిందో చూడాలని మళ్లీ రక్తం అడిగారు. ట్యూబు కోసం నేను చెయ్యి చాపాను. బాపు నాకంటే ముందే అందుకున్నాడు.

"నువ్వు ఈడనే నిలవడు. ఎవరన్న ఏమన్న అంటే నేనొచ్చినంక చెప్పు," అని, కుదుపు లేకుండా, ఒక్కో అడుగూ చూసుకుంటూ ల్యాబుకు నడిచాడు.

ఆసుపత్రి గోడ మీద చెయ్యి వేసి అక్కడికక్కడే ఒట్టు పెట్టుకున్నాను. ఇక బతికినన్నాళ్లూ ఎవరితో జగడానికి దిగినా, ఉత్త చేతులతోనే దిగుతాను.