పొయ్యొస్తాం, పెద్దనాయనా

షిఫ్టు ముగిసి, రబ్బరు బూట్లు విప్పి చెప్పుల్లో కాళ్ళు పెడుతున్నప్పుడు ముక్కు లోపల చురుక్కుమంది. మామిడి రోజుల్లో మా ఫ్యాక్టరీలో ముక్కుకు తెలిసేది ఒకటే, ఉడుకుతున్న తోతాపురి గుజ్జు వాసన. ఇది దాని అడుగు నుంచి సన్నగా వచ్చింది, కళ్ళలో నీళ్ళు తెప్పించే ఘాటు. చల్లగదులకు అమ్మోనియా తీసుకుపోయే గొట్టం ఎక్కడో కారుతోందని అర్థమైంది. ముందు ఇంట్లో ఉన్న నా పిల్లలిద్దరూ గుర్తుకొచ్చారు. ఆ వెంటనే, గేటు దగ్గర ఇనుప కుర్చీలో ఎప్పుడూ కూర్చుని ఉండే మనిషి గుర్తుకొచ్చారు. ఆ కుర్చీ ఇప్పుడు లేదు. అది ఉండిన చోట గోడకు వేలిముద్ర మిషన్ బిగించారు.

ఆయన పేరు గోవిందస్వామి నాయుడు. బంగారుపాళ్యం దగ్గర హైవే పక్కనున్న మా గుజ్జు ఫ్యాక్టరీకి చాలాకాలం మేనేజరు. యజమానులు చెన్నైలో ఉంటారు కాబట్టి మాకు తెలిసిన పెద్దదిక్కు ఆయనే. కాయ కోసే ఆడవాళ్ళ నుంచి లారీ డ్రైవర్ల దాకా అందరికీ ఆయన పెద్దనాయన. మొన్నటి చలికాలంలో పోయారు. ఈ 'పోవడం' అనే మాట దగ్గరే నాకూ ఆయనకూ పరిచయం మొదలైంది.

తిరుపతిలో డిగ్రీ చదివి ఇక్కడి ల్యాబులో చేరిన మొదటి సాయంత్రం అది. గేటు దగ్గర ఆయన కనిపిస్తే మర్యాదగా, "పోతాను సార్," అన్నాను. నా వెనక వస్తున్న ఆడవాళ్ళు ఆగి నావైపు చూశారు.

"యాడికి పాపా?" అన్నారాయన.

"ఇంటికి సార్. పోతా."

"రెండో తూరి గూడా అనేసె సూడు," అంది వెనక నుంచి గంగులమ్మ. కాయ కోసే ఆడవాళ్ళకు ఆమె పెద్ద. "తిరపతిలో సదివితే అంతే పెద్దనాయనా. ఆడ అందురూ కొండకు పొయ్యేవోళ్ళే. వచ్చే మాట ఎవురు నేర్పిస్తారు?"

అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. లేచి తన కుర్చీలో నన్ను కూర్చోబెట్టి కుండలో నీళ్ళు ముంచి ఇచ్చారు. "తాగు. తాగి, కొత్తగా బయలుదేరు." బయట బస్సు హారన్ కొడుతోంది. సిగ్గుపడుతూనే రెండు గుక్కలు తాగాను. లేచి, "పొయ్యొస్తా సార్," అన్నాను.

"సారు లోపల. ఈడ గాదు."

"పొయ్యొస్తా పెద్దనాయనా."

"పొయ్ రామ్మా," అన్నారు.

మా ఇంట్లో కూడా గడప దాటేటప్పుడు ఎవరూ 'పోతా' అనరు. హాస్టల్లో ఉన్న రోజుల్లో నాకు ఆ అలవాటు తప్పింది. అందుకే మొదట దాన్ని పాతకాలపు పట్టింపు అనుకున్నాను. తర్వాత తెలిసింది. షిఫ్టు దిగిన ప్రతి మనిషీ ఆ మాట ఆయనతో చెప్పాలి, ఆయన తిరుగుమాట చెప్పాలి. ఎవరి మాట ఇంకా రాలేదో ఆయన చెవికి తెలుసు. అది వినపడే దాకా కుర్చీలోంచి లేచేవారు కాదు. ఆలస్యమైతే తానే లోపలికి వెళ్ళి వెతికేవారు. ఇళ్ళలో తరాలుగా ఉన్న మాటను తెచ్చి ఆయన ఫ్యాక్టరీ గేటుకు కాపలా పెట్టారు. ఇదంతా ఎందుకని ఒకసారి అడిగాను.

"పోతా అంటే ఆడితో అయిపాయ. పొయ్యొస్తా అంటే, నీకోసరం ఈడ ఒకడు కాసుకోనుండాడని. ఆ మాట ఇనకపోతే, గేటుకూ నాకూ తేడా ఏముండాది పాపా?"

నాకు భయం ఎక్కువ. పొయ్యి ఆర్పానా లేదా అని తిరిగి వెళ్ళి చూసే మనిషిని. పెద్దపాప పుట్టాక అది ఇంకా పెరిగింది. పనిలో కూడా ప్రతిదీ రెండుసార్లు చూస్తానని, విసుక్కోవద్దని ఒకరోజు ఆయనకు చెప్పుకున్నాను. "భయం లేనోణ్ణి గేటు కాడ కూసోబెట్టగూడదు," అన్నారు తేలిగ్గా, పక్కన పెట్టిన టీ గ్లాసు అందుకుంటూ. నా భయానికి ఒక పని ఉందని నాకు చెప్పిన మొదటి మనిషి ఆయనే.

ఒక ఏడాది కాపు ముమ్మరంగా ఉన్నప్పుడు ఇదే గొట్టం కారింది. ఆయన ఫ్యాక్టరీ ఆపేశారు. కాయ నింపుకున్న ట్రాక్టర్లు హైవే దాకా నిలిచిపోయాయి. వాటిలో మా నాయనది కూడా ఉంది. ఊరి బయట మాకున్న చిన్న తోటలోని కాయంతా అందులోనే ఉంది. నాయన కోపంగా గేటు దగ్గరికి వచ్చారు.

"ఏం నాయుడా, ఆడ కాయ కుళ్ళిపోతా ఉంటే నువ్వు కుర్చీలో కూసోనుండావే."

"కుళ్ళిపోతాది. నిజమే."

"అంతేనా నువ్వు సెప్పేది?"

"లోపల పనిచేసేది మీ ఊళ్ళ ఆడోళ్ళే గదబ్బా. ముందు ఎవుర్ని ఆ గ్యాసులోకి పంపీమంటావో నువ్వే పేరు సెప్పు. పంపిస్తా."

నేను ఆయన వెనకే నిలబడి ఉన్నాను. నాయన నన్ను చూశారు, గంగులమ్మను చూశారు. ఏ పేరూ ఆయన నోట రాలేదు. పక్కనున్న రైతులూ చెప్పలేదు. పెద్దనాయన కుర్చీ వదిలి వాళ్ళతోపాటు నేలమీద కూర్చున్నారు. వేరే ఫ్యాక్టరీలకు తానే ఫోన్లు చేసి, మా రైతుల కాయ దించుకోమని ఒక్కొక్కరినీ బతిమాలారు. కొంత కాయ అటు పోయింది, కొంత కుళ్ళింది. ఆ కాపంతా నాయన ఆయనతో మాట్లాడలేదు. మరుసటి ఏడు మళ్ళీ ఆ గేటుకే ట్రాక్టరు తోలుకొచ్చారు. "ఆయప్ప అబద్ధం సెప్పడు," అని మాత్రం అన్నారు.

పని మానేశాక ఆయన చిత్తూరులో కూతురింట్లో ఉండేవారు. ఒక ఆదివారం పిల్లల్ని తీసుకుని చూడటానికి వెళ్ళాను. బాగా చిక్కిపోయారు. మేం లేస్తుంటే కూతురు వద్దంటున్నా వినకుండా, గోడ పట్టుకుని వాకిలి దాకా వచ్చారు. "ఆ మాట పడుకోని ఇంటే బాగుండదు," అన్నారు. పిల్లలు కూడా చెప్పారు, "పొయ్యొస్తాం తాతా." మళ్ళీ ఆయన్ని చూసే వీలు చిక్కలేదు. ఆయన పోయాక ఈ కాపు మొదలైన రోజుల్లో, గేటు దాటుతుంటే ఆ మాట ఎన్నోసార్లు నోటిదాకా వచ్చేది. ఎవరితో చెప్పాలో తెలియక మింగేసేదాన్ని.

కొన్నాళ్ళకు ఆడవాళ్ళు దాన్ని నాతో చెప్పడం మొదలుపెట్టారు. "ఇంక నువ్వే మాకు ఆడ పెద్దనాయన," అని గంగులమ్మ ఎగతాళి చేసేది. అందుకని సాయంత్రం అందరూ వెళ్ళేదాకా గేటు దగ్గర ఆగుతాను. ఈ సాయంత్రం గ్యాసు వాసన వచ్చాక అందరినీ కేకేసి బయటికి పంపాను. అందరి మాటా వచ్చింది, గంగులమ్మది రాలేదు.

"ఆమె వేలిముద్ర పడింది మేడమ్. బయటికి పోయినట్టే," అన్నాడు సెక్యూరిటీ ఆయన.

"నాకు వినపళ్ళేదు," అన్నాను.

తడిగుడ్డ ముక్కుకు కట్టుకుని ఇద్దరం లోపలికి వెళ్ళాం. చల్లగది పక్కన కొళాయి దగ్గర ఆమె దగ్గుతూ గోడకు ఆనుకుని ఉంది. వేలు ఒత్తేసి, మరిచిపోయిన క్యారియరు కోసం పక్కదారిన తిరిగి వచ్చిందట. చిత్తూరు ఆసుపత్రికి తీసుకుపోతుంటే వ్యానులో కాస్త ఊపిరి నిలిచాక, "పొయ్యొస్తా అని సెప్పల్యా గదా, నువ్వొస్తావని తెలుసు పాపా," అంది. ప్రమాదం లేదని డాక్టరు చెప్పాకే ఫ్యాక్టరీకి తిరిగి వచ్చాను.

ఇప్పటి మేనేజరు చెడ్డవాడు కాదు. చెన్నై నుంచి వచ్చే ఫోన్లకు జవాబు చెప్పుకోవాలి. "వాల్వు బిగించారు మేడమ్. పొద్దున షిఫ్టు మామూలే. కాయ ఆగదు కదా," అన్నారు.

"గొట్టమంతా పరీక్ష చేసేదాకా ఎవరూ లోపలికి పోకూడదు సార్."

"ఆపడానికి మీరెవరు? రేపు ఆపితే ఎల్లుండి మీరు రానక్కర్లేదు."

ఇంటికి వచ్చేసరికి నాయన ఫోను. కాయ కోసి ట్రాక్టరుకు ఎక్కించామని, తెల్లారేసరికి వరుసలో ఉంటామని సంతోషంగా చెప్పారు. ఆపమని చెప్పాను. "ఈ ఏడు గూడానా?" అని ఫోను పెట్టేశారు.

పిల్లలు పడుకున్నాక ఇదంతా రాసుకుంటున్నాను. పెద్దనాయనే ఉంటే రేపు పొద్దున నేను ఆయన వెనక నిలబడేదాన్ని. ఎవరి వెనకైనా నిలబడగలిగే ఆ రోజులు ఎంత కావాలనిపిస్తుందో చెప్పలేను. కానీ రేపు తెల్లారి ముందు నిలబడాల్సింది నేనే. రాత్రి పిల్లలకు అన్నం కలిపి పెడుతూ ఇలా చెప్పాను.

"రేపు పొద్దున అమ్మ గేటు బయట నిలబడతాది. గొట్టం బాగుచేసేదాకా ఎవుర్నీ లోపలికి పోనీదు. మీతో చదివే పిల్లోళ్ళ నాయనలు ఆడ ట్రాక్టర్లతో ఉంటారు. మీ తాత గూడా ఉంటాడు. అందరూ అమ్మను తిడతారు. బళ్ళో ఎవురన్నా ఏమన్నా అంటే ఎదురు చెప్పొద్దండి. కాయ కుళ్ళిపోతా ఉంటే వాళ్ళకు కోపం రావాల్సిందే. సాయంత్రం తాత వస్తే తలుపు తీయండి. నాతో మాట్లాడకపోయినా, మీతో మాట్లాడతాడు."