ఎల్లేశం వేషం

రాయదుర్గం గుట్టల కింద ఒకప్పుడు బోరుపంపుల ఫ్యాక్టరీ ఉండేది. మూతపడిన పదేళ్లకు దానికి మోక్షం దొరికింది. చుట్టూ అద్దాల మేడలు లేచాయి. మిగిలిన రెండో నంబరు షెడ్డును కూల్చకుండా కడిగి, రంగులేసి, లోపల కాఫీ కొట్టు తెరిచి, 'శ్రమసౌరభం' అని పేరు పెట్టారు. పాత ఫ్యాక్టరీ కళాకేంద్రంగా మళ్లీ పుట్టిందని పేపర్లలో కూడా వచ్చింది. ఆ షెడ్డులో ఇరవై రెండేళ్లు, లోహపు కడ్డీని గిర్రున తిప్పి చెక్కే లేతు మిషన్ నడిపిన ఎల్లేశానికి మాత్రం అక్కడ నూనె, చెమట, ఎండాకాలంలో పక్కవాడి బూట్లు తప్ప మరే సౌరభమూ తగిలిన గుర్తు లేదు. పేరు పెట్టినవాళ్ల ముక్కులు మంచివే అయ్యుంటాయి. కాకపోతే అప్పుడు రాలేదు, ఇప్పుడొచ్చారు.

ఎల్లేశం ఇప్పుడు అదే షెడ్డుకు సెక్యూరిటీ గార్డు. గోపన్‌పల్లిలో రేకుల ఇంట్లో కిరాయికుంటాడు. పొద్దున్నే నడిచొచ్చి టోపీ పెట్టుకుని నిలబడతాడు. పనేమిటంటే, తాను నడిపిన లేతును ఎవరూ ముట్టుకోకుండా చూడడం. ఎవరూ అంటే తాను కూడా. దాన్ని నిగనిగలాడేలా తుడిచి, చుట్టూ ఎర్రతాడు కట్టి, మీద దీపం వేలాడదీశారు. రాత్రింబవళ్లు చాకిరీ చేసిన కాలంలో దసరా నాడు తప్ప ఆ మిషన్‌కు ఇంత మర్యాద జరగలేదు.

శ్రమసౌరభానికి డైరెక్టరు ఉదయ్ భాస్కర్. కాకినాడ మనిషి, మెత్తని మాట. చెడ్డవాడు కాదు. ఎవరేం చెప్పినా శ్రద్ధగా వింటాడు, చిక్కంతా అక్కడే వచ్చింది. నెలరోజులు ఎల్లేశాన్ని ఎదురుగా కూర్చోబెట్టి, టీలు తాగించి, ఆయన బతుకంతా రికార్డు చేసుకున్నాడు. దాంతో ఇరవై నిమిషాల నాటకం రాయించాడు. పేరు 'ఎల్లేశం: ఒక కార్మికుడి రోజు'. ప్రతి శనివారం ఒక మనిషి ఎల్లేశం వేషం కట్టి, లేతు ముందు నిలబడి, వచ్చినవాళ్లకు తన కథ చెప్పాలి.

ఆ కొలువు ఎల్లేశం అడిగాడు. జీతం మీద ఆశ లేదంటే అబద్ధమే. కానీ అంతకన్నా పెద్ద ఆశ, ఆ మిషన్ మీద మళ్లీ చెయ్యి వెయ్యాలని.

"ఇక్కడనే ఇరవై రెండేండ్లు చేసిన సార్. నేనే చేస్త."

"అది కాదండీ ఎల్లేశం గారూ, మాకు అనుభవం ఉన్నవాళ్లు కావాలి," అన్నాడు ఉదయ్ భాస్కర్.

అనుభవమంటే స్టేజీ అనుభవం. అది బాచుపల్లిలో ఉండే రాజేందర్ అనే కుర్ర నటుడికి ఉంది. అతను ఎల్లేశంగా బాగా దగ్గేవాడు, బాగా నిట్టూర్చేవాడు. మిషన్ తిరిగేది కాదు, దాని చప్పుడు స్పీకర్లో వచ్చేది. జనం కళ్లు తుడుచుకుని కాఫీకి వెళ్లేవాళ్లు. అసలు ఎల్లేశం తాడు పక్కన నిలబడి, "జర దూరం అమ్మా," అంటూ ఉండేవాడు.

ఇంతలో రెండువేల పదకొండు సెప్టెంబరు వచ్చింది, సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు ఆగాయి, బడులు ఆగాయి, బొగ్గుబావులు ఆగాయి. ఒక శనివారం ఆటోలు కూడా బంద్. ఆ పొద్దున ఎల్లేశం టోపీ తీసుకుంటుంటే భార్య నర్సమ్మ అడ్డం నిలబడింది.

"ఊరంత సమ్మె జేస్తుంటె నువ్వెటు పోతున్నవ్? మన నౌకరీల కోసమే గద ఈ కొట్లాట?"

"నేను పోకపోతె ఇంకోణ్ని పెడ్తరే," అని ఆయన నడక మొదలుపెట్టాడు.

పదింటికి ఉదయ్ భాస్కర్‌కు రాజేందర్ నుంచి ఫోనొచ్చింది. "నేను సమ్మెల ఉన్న సార్. మా కాడ రోడ్డు మీద వంటావార్పు. పాటలు నేనే పాడాలె." రోడ్డు మధ్యన పొయ్యి పెట్టి వండుకుని తినడం ఆ రోజుల్లో నిరసన. ఆ విధంగా కార్మికుడి వేషగాడు సమ్మెకు వెళ్లాడు, కార్మికుడు డ్యూటీకి వచ్చాడు. కార్లలో వచ్చిన నలభై మంది అప్పటికే టిక్కెట్లు కొనుక్కుని కూర్చున్నారు. ఉదయ్ భాస్కర్ చూపు చివరికి గేటు దగ్గర నిలబడ్డ గార్డు వైపు తిరిగింది.

"ఎల్లేశం గారూ, ఇవాళ్టికి మీరు చేస్తారా? ఆ మిషన్ నిజంగా తిరుగుతుందా?"

"ఎందుకు తిరగది సార్? తిప్పెటోడుంటె తిరుగుతది."

వేషం తెచ్చి ఇచ్చారు. పొడుగు చేతుల వదులు చొక్కా, చేతులకు తొడుగులు, మెడకు ఎర్ర రుమాలు. ఎల్లేశం రుమాలును పాము పిల్లను పట్టుకున్నట్టు పట్టుకున్నాడు.

"గిది కట్టుకొని లేతు కాడికి పోతె, తిరిగేటప్పుడు గుంజుకుంటది సార్. మెడ ఇరుగుతది. తొడుగులు గూడ వద్దు, వేళ్లు పోతయ్."

"పోస్టర్లో అలాగే ఉంది కదండీ. రుమాలు లేకపోతే కార్మికుడని ఎలా తెలుస్తుంది?"

ఎల్లేశం రుమాలు, తొడుగులు పక్కన పెట్టాడు. వేలి ఉంగరం తీశాడు, మెడలో తాయెత్తు తీశాడు, చొక్కా చేతులు మోచేతుల పైదాకా బిగించి మడిచాడు. మిషన్‌కు మొక్కి, మీట వేశాడు. అది మూలిగి, దగ్గి, తిరిగింది. ఇత్తడి కడ్డీ బిగించి పని మొదలుపెట్టాక ఆయనకు నలభై మందీ కనబడలేదు. బంగారు రంగు రజను చుట్టలు చుట్టలుగా రాలింది. చెప్పాల్సిన డైలాగు ఒక్కటీ చెప్పలేదు, చెప్పినా ఆ మోతలో వినబడేది కాదు. సంతోషం పట్టలేక ఆయన నవ్వుతూనే ఉన్నాడు. కొలిచి చూసుకుని, పంపు ఇరుసుకు తొడిగే ఇత్తడి బుష్ ఒకటి, వెంట్రుకవాసి తేడా లేనిది, తీసి, తుడిచి, ముందు వరసలో ఉన్న పద్మావతి అనే పెద్దావిడ చేతిలో పెట్టాడు.

"ఎంత బాగుందో! ఈయన నటుడాండీ, నిజం పనివాడాండీ?" అని ఆవిడ అడిగింది.

"మా సెక్యూరిటీ అండీ. ఇవాళ్టికి సర్దుకున్నాం," అన్నాడు ఉదయ్ భాస్కర్.

జనం వెళ్లాక ఎల్లేశం డైరెక్టరు గదికి వెళ్లి నిలబడ్డాడు. అడగకముందే ఉదయ్ భాస్కర్ మెత్తగా మొదలుపెట్టాడు.

"కష్టపడ్డారు, కాదనను. కానీ కథ ఎవరికీ వినబడలేదు. ముందు వరసలో చీరల మీద నూనె పడింది. పైగా మీరు నవ్వుతున్నారండీ. ఎల్లేశం అలా ఉండడు. అతను అలసిపోయి ఉంటాడు. వచ్చే వారం రాజేందర్ వచ్చేస్తాడు లెండి."

ఎల్లేశం టోపీ పెట్టుకుని సాయంత్రం దాకా గేటు దగ్గరే నిలబడ్డాడు.

గోపన్‌పల్లి రోడ్డు మీద అప్పటికింకా పొయ్యిలు ఆరలేదు. నర్సమ్మ గరిటె పట్టుకుని వచ్చినవాళ్లకు వడ్డిస్తోంది. మొగుణ్ని చూసి ఒక విస్తరి చేతికిచ్చి, అన్నం పెట్టింది. ఆ పూట మిషన్ మీద చెయ్యేసిన సంగతి ఆయన చెప్తుంటే ఆమె ముఖం విప్పారింది.

"మరింకేంది! ఆ కొలువు నీకే ఇస్తమన్నరా?"

"లేదు. ఎల్లేశం లెక్క ఉండుడు నాకు రాదంట. ఆ పిలగాడైతెనే మంచిగుంటడంట."

పక్కనున్నవాళ్లు పకపకా నవ్వారు. ఎల్లేశం నవ్వలేదు. ఫ్యాక్టరీకి తాళం వేసిన రోజున కూడా ఏడవని మనిషి, నడిరోడ్డు మీద విస్తరి పట్టుకుని ఏడ్చాడు. నర్సమ్మ గరిటె గిన్నెలో పడేసి, కొంగుతో ఆయన ముఖం తుడిచింది.

"ముప్పై ఏండ్లు నీతోని సంసారం జేసిన. ఎల్లేశం ఎట్లుంటడో నన్నొచ్చి అడగమను."