గంగారాం కాకా మూడో జాడీ

మొన్న ఎండలు మొదలుకాగానే కూలరు బయటికి తీశాను. గడ్డి పాడైపోయి ఉంటే, పాత గోనెసంచి చింపి కట్టి, నీళ్ళు పోసి స్విచ్చి వేశాను. మొదటి గాలితో పాటే తడి గోనె వాసన ఇల్లంతా కమ్ముకుంది. నాకు కాళ్ళు నిలవలేదు. లేచి గదిలో అటూ ఇటూ తిరుగుతుంటే మా ఆవిడ అడిగింది, ఏమైందని. ఒకాయన గుర్తొచ్చిండన్నాను. "మనిషి గుర్తొస్తే ఎవలన్న కూసుంటరు. నువ్వేంది లేస్తున్నవ్?" అంది. ఏం చేయను, ఆ మనిషే అట్లాంటివాడు.

గంగారాం కాకాది ఎల్లారెడ్డి. నాకు చుట్టమేమీ కాడు, వయసులో పెద్ద కాబట్టి కాకా. పడుచుతనంలోనే బొంబాయి పోయి, అక్కడ జహాజులో, అంటే ఓడలో, వంటపనికి కుదిరాడు. ఊరికి వచ్చినా నెల తిరక్కముందే సంచి సర్దుకునేవాడు. పరదేశం నుంచి వచ్చినవాణ్ణి ఎవరైనా "ఎప్పుడొచ్చినవ్?" అని అడుగుతారు. కాకాను మాత్రం ఎల్లారెడ్డి అంతా "ఎప్పుడు పోతున్నవ్?" అనే అడిగేది.

ఎనభైల నడుమ సంగతి. నేను కామారెడ్డిలో ఒక ఐసు ఫ్యాక్టరీలో గుమస్తాను. డిగ్రీ తర్వాత అది ఎన్నో ఉద్యోగమో లెక్కపెట్టడం అప్పటికే మానేశాను. మాఘమాసం చలి పూర్తిగా పోకముందే, ఒక పొద్దున కాకా వచ్చి ఐసు దిమ్మ కావాలన్నాడు. ఆ చలిలో ఐసు కొనేవాణ్ణి చూడటం నాకదే మొదలు.

"ఎవరన్న పోయిండ్రా కాకా?" అన్నాను, మర్యాదగానే.

"ఎవలు పోలే. ద్రాక్షరసానికి జరమొస్తది, గందుకు."

ద్రాక్షరసం పులిసి పొంగేటప్పుడు దానంతట అదే వేడెక్కుతుందట. ఒళ్ళు కాగితే తొందరగా పొంగి, ఉన్న వాసనంతా ఎగిరిపోతుంది. చల్లగా ఉంచితే వారాల తరబడి నిమ్మళంగా పొంగి, వాసన లోపలే నిలుస్తుంది. ఇదంతా కాకా గుక్క తిప్పుకోకుండా, ఒక కాలు బస్టాండు వైపు పెట్టి చెప్పాడు. ఐసును ఊకలో పొర్లించి, గోనెసంచిలో కట్టి బస్సెక్కించాము. సీటు కింద నుంచి నీళ్ళు కారుతుంటే కండక్టరు గోల పెట్టాడు. "ఈ పెద్దమనిషికి టికెట్ ఎవలు తీస్తరు? లింగంపేట వచ్చేసరికి సగమే మిగులుతడు!" కాకా సంచి మీద చెయ్యేసి, "హాఫ్ టికెట్ కొట్టు" అన్నాడు. ఆ మాటతో నేను ఆయన మనిషినైపోయాను.

ఆ పై ఆదివారం ఎల్లారెడ్డి పోయాను. ఇంటి వెనక తెల్లద్రాక్ష పందిరి. ఇంటి నడిమి గదిలో, అదే మధ్య అర్రలో, నీళ్ళ గాబు. అందులో ఐసు నీళ్ళు, ఆ నీళ్ళలో మూడు పెద్ద గాజు జాడీలు. మూతులు మైనంతో మూసి ఉన్నాయి. ఒక్కో మూతి నుంచి ఒక రబ్బరు గొట్టం గ్లాసెడు నీళ్ళలోకి దిగి బుడగలు వదులుతోంది. లోపలి గాలి బయటికి రావాలి, బయటి గాలి లోపలికి పోవద్దు. కాకా వాటి ముందు ముగ్గురు పిల్లలు పుట్టిన తండ్రిలా తిరుగుతున్నాడు.

"కాయ పచ్చిగుండంగనే కోసిండు. ఊరంత నవ్వింది" అంది ఆయన భార్య రాజవ్వ చిన్నమ్మ.

పచ్చికాయకు లెక్కుంది. ఒకసారి జహాజులో జారిపడి కాలు విరిగితే, కాకాను ఏదో చలి దేశపు రేవులో దింపేసి పోయారు. ఏ దేశమో ఒక్కోసారి ఒక్కో పేరు చెప్పేవాడు. ఆ రేవు పక్క రైతు ఇంట్లో ఒక ద్రాక్షకాపు కాలమంతా కిటికీ దగ్గర కూర్చున్నాడు. సముద్రం మీద నుంచి పొగమంచు వచ్చి తోటల మీద పడుకునేదట. ఆ చలికి కాయ ఆలస్యంగా పండుతుంది, తీపెక్కినా పులుపు పోదు. దాన్ని పొద్దున్నే కోసి, తొక్క రసంలో నాననీయకుండా పిండి, తేరిన రసాన్ని చల్లగా పులియబెట్టి నెలలపాటు ముట్టుకోరు. "తాగితే నోట్ల సముద్రం గాలి కొడుతది రా శీనూ" అనేవాడు. మన ఎండకు కాయ వారంలో బెల్లమైపోతుంది. అందుకే పులుపు పారిపోకముందే కోశాడు.

"మరి సముద్రం గాలి ఎక్కడ తెస్తవ్ కాకా? నిజాంసాగర్ నుంచా?" అన్నాను.

నవ్వింది చిన్నమ్మ ఒక్కతే, అదీ కొంచెమే. నీళ్ళ బిందె దించుతూ నాకు వినబడేలా చెప్పింది. "దసరా దాంక ముట్టద్దట గీ జాడీల్ని. నేను గూడ చెప్పిన. దసరా దాంక ఇంట్ల ఉంటే ఉన్నట్టు. మళ్ళ మధ్యల జహాజెక్కితే, వచ్చినాడు తలుపు తియ్య." కాకా బుడగలు లెక్కపెడుతున్నట్టు తల వంచుకున్నాడు. సర్దిన సంచి ఇంకా చిలక్కొయ్యకే వేలాడుతోంది.

పొంగు ఆగాక జాడీలను అర్రలోనే గుంత తవ్వి, తడి ఇసుకలో పాతి, పైన తడి గోనె కప్పాడు. ఆ ఎండాకాలం ఆ అర్ర ఒక్కటే ఎల్లారెడ్డిలో చల్లగా ఉండేది. చల్లటి చోటుకు చుట్టాలు రాకుండా ఉంటారా! వచ్చినవాడు ఊరికే కూర్చుంటాడా! తాగేది ఇంట్లో ఉండి చుట్టానికి పోయకపోతే మన దగ్గర అది పగ పట్టడంతో సమానం. పక్కింటి నర్సాగౌడు కల్లు గీసే మనిషి. "పొద్దున దించిన కల్లు మాపటికి పులుస్తది. నీది నెలలాయె. బతికున్నదో సచ్చిందో సూడద్దా?" అన్నాడు. కాకా మైనం గీకి అరగ్లాసు పోశాడు. మర్నాడు ఇంకొకరికి ఇంకో అరగ్లాసు. గాలి సోకిన మొదటి జాడీ వానలు పడేసరికి పుల్లబడి సిర్కా, వెనిగరు, అయింది. చిన్నమ్మ అందులో ఉల్లిగడ్డలు వేసింది.

రెండోదాన్ని చుట్టాలు చంపలేదు, కాకానే చంపాడు. అయిందా కాలేదా అని రోజూ మూత తీసి వాసన చూసేవాడు. ఒకరోజు మొహం మాడ్చుకుని అర్రలోంచి బయటికి వచ్చాడు.

"నా చెయ్యి ఊకుంటలేదు రా."

"ఉల్లిగడ్డలు ఇంక చాలవు కాకా" అన్నాను. ఆ మాటకు ఆయన నవ్వలేదు. ఆ రోజు నుంచి ఆయన అర్రకు తాళం వేసి, తాళంచెవి చిన్నమ్మకిచ్చి, గడప మీద కూర్చున్నాడు. బొంబాయి బస్సు హారను వినబడితే లేచేవాడు, మళ్ళీ కూర్చునేవాడు. నేను సెలవు దొరికినప్పుడల్లా పోయి పక్కన కూర్చునేవాణ్ణి. ఇద్దరం కాళ్ళు ఊపుకుంటూ, ఎక్కడికి పోతుందో తెలియని రైలు కోసం ఎదురుచూస్తున్నట్టు ఉండేవాళ్ళం.

పెత్రమాస నాడు, దసరా ముందటి అమావాస్యకు, చిన్నమ్మ అన్న మద్నూర్ నుంచి వచ్చాడు, చెల్లెల్ని బతుకమ్మకు పుట్టింటికి తీసుకుపోవడానికి. చుట్టాలతో, నాతో పాటు విస్తరి ముందు కూర్చుని, "ఏం బావ, జహాజు సరుకు రుచి చూపియ్యవా?" అన్నాడు.

"దసరాకు రా బావ."

"ఈ తొమ్మిదొద్దులల్ల ఏం మునుగుతది?"

"రెండు గట్లనే మునిగినయి. మూత తియ్య."

అంతమందిలో ఆ మాట అనడం కాకాకు ఎంత కష్టమైందో ఆయన మెడ చూస్తే తెలిసింది. మద్నూరాయన చెయ్యి కడిగేసుకుని, అన్నం ముట్టకుండా లేచాడు. "చెల్లె, వస్తున్నవా?" అన్నాడు. అందరూ చిన్నమ్మ వైపు చూశారు. నాకు ఒక హాస్యం తోచింది, మొదటిసారి మింగేశాను.

"నువ్వు ఏటా వస్తవ్ అన్నా" అంది ఆమె. "గీయన ఒక్క జాగల కూసునుడు ఇదే మొదలు. నేను రాను."

దసరా నాడు మైనం ఆమె చేతనే తీయించాడు. మొదటి చుక్కలు పోచమ్మ పేర నేల మీద సాక పోసి, తలా కొంచెం తాగాము. గడ్డిపోచ రంగులో, తేటగా, నిమ్మతొక్కలాగా పుల్లగా ఉంది. కాకా చాలాసేపు నోట్లోనే ఉంచుకుని మింగాడు. ఎట్లుందని అడిగాను.

"సముద్రం లేదు" అన్నాడు. పందిరి వైపు చూస్తూ మళ్ళీ అన్నాడు. "మళ్ళ ఏడు ఇంకో నాల్గు రోజులు ముందుగాల కొయ్యాలె."

మళ్ళ ఏడు, అంటే వచ్చే సంవత్సరం! ఆ ఇంట్లో ఆయన నోట ఆ మాట ఎవరూ అప్పటిదాకా విని ఉండరు. చిన్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, పొయ్యి మీద ఏమీ లేకపోయినా వంటింట్లోకి పోయింది.

ఆ తర్వాత ఐదారు కాపులు వచ్చాయి. సముద్రం ఎప్పుడూ రాలేదు. కాకా కూడా ఎక్కడికీ పోలేదు, చివరికి అందరూ పోయే చోటికి తప్ప. నాకైతే ఏ పని మొదలుపెట్టినా మూడో రోజుకే అయిందో లేదో చూడాలని చెయ్యి గుంజుతుంది. ఆ చేతిని ఆపడానికి కాకాలాంటి వాడెవరైనా గట్టిగా తిట్టాలి. కాకా లేడు కాబట్టి నన్ను నేనే తిట్టుకుంటాను, ఎల్లారెడ్డి యాసలో. రెండుసార్లలో ఒకసారి వింటాను.