నది వైపు తలుపు

కొత్తకోటలో నా మాట నమ్మేవాళ్ళు ఇద్దరే. ఒకాయనకు చెవుడు. రెండోది మా అక్క, ఆమె కూడా పెళ్ళయి ఏటి ఒడ్డుకు వెళ్ళిపోయింది. బావ పోయాక ఒంటరైన ఆ అక్కను తెచ్చుకోవడానికే ఈ ప్రయాణం.

పొద్దున్నే ఎద్దుబండిలో వనపర్తి రోడ్డు స్టేషను చేరి, పది దాటాక వచ్చిన రైలెక్కాను. జొన్నరొట్టె, పల్లికారం రైల్లోనే తిన్నాను. కృష్ణ వంతెన దాటుతుండగా, వరదలో ఒక మొసలి ఈ రైలు వెంటే ఈది గద్వాలలో దిగిందని ఎదుటి ముసలాయనకు చెప్పాను.

"టికెట్టు తీసిందా?" అన్నాడాయన.

గద్వాలలో దిగి, జట్కాలో అక్క ఇల్లు చేరేసరికి మూడయింది. నాలుగు తరాల ఇల్లు. సున్నపు గోడలు, వీధి తలుపు నుంచి నది తలుపు దాకా సూటిగా నడవ. కృష్ణ పొంగితే నీళ్ళు ఊరు చుట్టి వచ్చి వీధి గడప ఎక్కి, నడవగుండా నది తలుపు దాటి పోయేవి. ఇంటివాళ్ళు ఆ వరదను పుట్టింటికొచ్చిన ఆడపిల్లగా చూసి, ఒడిబియ్యం పోసి సాగనంపేవారు. కిందటేడు బావ, ఇల్లు బాగుచేయిస్తానని నది తలుపు పీకించి, ఇటుకలు కట్టి సిమెంటు పూయించాడు. ఆ ఏడు వరద లోపలికొచ్చింది, బయటికి పోలేదు. తరువాత బావ చలిజ్వరంతో పోయాడు.

అప్పటినుంచి సాయంత్రమైతే నడవలో తడి అడుగులు పడుతున్నాయట. చిన్నవి, ఆడమనిషివి. మూసిన గోడ దాకా పోయి ఆగుతాయి. అక్కది నేత పని. పట్టంచు చీర నేయాలంటే మగ్గానికి ఇటొకరు, అటొకరు ఉండాలి. రెండో పక్క కూర్చునే బాలమ్మ భయపడి మానేసింది. మగ్గం ఆడకపోతే అక్కకు అక్కడ బతుకుదెరువు లేదు.

"మూట కట్టుకో అక్కా, పోదాం."

"ఆడపిల్ల లోపల చిక్కుకుంటే నేనేడికి పోత తమ్మీ? మేస్త్రిని పిలిచిన. ముందుగాల దానికి తొవ్వ ఇయ్యాలె."

పొద్దుగూకే వేళ నేనూ చూశాను. పక్కనుంచి చల్లగా ఏదో పోయింది. నేలమీద ఒక్కొక్క అడుగే తేలింది, మెట్టె గుర్తుతో సహా. నా నోటికి అబద్ధం కూడా రాలేదు.

మర్నాడు హుసేన్ మేస్త్రి గోడ పగలగొట్టాడు. కొట్టంలో పడున్న పాత తలుపునే నిలబెట్టి, చుట్టూ, గడప ముందు నేల మీదా బెల్లం, కరక్కాయ నీళ్ళు కలిపిన సున్నం పూశాడు.

"సిమెంటైతే జల్దీ అయితది గద?" అన్నాను.

"గోడకు ఊపిరాడాలె అన్నా. నీ ముక్కుల పూస్తే ఊకుంటవా?"

అక్క గడప మీద బియ్యం, రవికగుడ్డ పెట్టి, "పోయిరా బిడ్డా" అంది. ఎవరూ కదల్లేదు. ఆరని సున్నంలో ఒక అడుగు నొక్కుకుంది, నది వైపుకు. మేస్త్రి తాపీతో సున్నం తీసుకున్నాడు.

"పూడ్చాల్నా అమ్మా?"

"ఉండనీ. తొవ్వ ఉన్నది, మల్ల వస్తది."

ఆడపిల్ల వస్తే ఇంట్లో మనిషుండాలని, తిరుగు ప్రయాణం నాడు అక్క నాతో రాలేదు. జట్కా ఎక్కుతుంటే లోపల మగ్గం మొదలైంది. పోగు వేసే నాడె ఇటొకటి, అటొకటి ఆడుతున్న చప్పుడు. బాలమ్మ వచ్చేసిందని మనసు తేలికపడింది.

గద్వాల స్టేషనులో బాలమ్మ మూట పక్కన పెట్టుకొని కూర్చుని ఉంది.

"దేవరకద్ర పోతున్న అన్నా, మా చెల్లె తానకి."

"ఇయ్యాల మగ్గం మీద కూసోలేదా?"

"నాకేమన్న పిచ్చా? ఆ ఇంట్ల ఇగ కాలు పెట్ట."

రైల్లో ఎవరికీ ఏ కథా చెప్పలేదు. ఆ ఇల్లు చూడదగినదే. వెళ్ళేవారు పగలు వెళ్ళండి, అక్క రొట్టె పెడుతుంది. చీర కూడా కొనండి. రెండో పక్క అంచు ఎవరు నేశారని మాత్రం అడగకండి. ఎంత ఎండలో ఆరేసినా, ఆ అంచు కాస్త తడిగానే ఉంటుంది.