మేనేజరుగారికి అన్నిటికన్నా పై చోటు

1996 జూన్‌లో నన్ను తుమకూరు కేంద్ర కార్యాలయం నుంచి పావగడకు డెప్యుటేషన్ మీద పంపారు. మాది నూనెగింజల సహకార సంఘం, నా హోదా సిస్టమ్స్ ఆఫీసరు. పావగడ శాఖలోని ఆరు కంప్యూటర్లను, ఒక ప్రింటరును ఒకే సర్వరుకు కలిపి, డైరెక్టరీ ట్రీ ఏర్పాటు చేసి రావాలి.

డైరెక్టరీ ట్రీ అంటే నెట్‌వర్కులో ఎవరు ఎక్కడ ఉన్నారో, ఎవరికి ఏ అధికారం ఉందో చెప్పే పట్టిక. దాన్ని తలకిందులైన చెట్టులా గీస్తాం. అందులో కంటైనర్ ఆబ్జెక్టులనేవి పెట్టెల్లాంటివి. సంఘం పేరుతో ఒక పెద్ద పెట్టె, దానిలో విత్తనాలు, కొనుగోళ్లు, లెక్కలు అని మూడు చిన్న పెట్టెలు చేశాను. ఒక పెట్టెకు ఇచ్చిన అధికారం అందులో ఉన్నవాళ్లకే వస్తుంది. విత్తనాల కాలం కాబట్టి ప్రింటరును ఆ పెట్టెలోనే పెట్టాను.

కాగితం మీద గీసి మేనేజరు రంగనాథప్పగారికి చూపించాను. తన పేరు, టైపిస్టు సావిత్రమ్మ పేరు విత్తనాల పెట్టెలో ఒకేచోట కనబడగానే ఆయన కళ్లజోడు తీసేశారు.

"నా కింద పనిచేసేవాళ్లతో నన్ను ఒకే డబ్బాలో ఏస్తారా? అన్నిటికన్నా పైన పెట్టండి మేడమ్."

పైన ఉంటే కింది పెట్టెల అధికారాలు రావని చెప్పబోయాను.

"పైనున్నోనికి కిందివి రాకుండా యాడికి పోతాయి?" అన్నారు.

ఆయనకు విడిగా అధికారాలు రాసివ్వడం రెండు నిమిషాల పని. రాయలేదు. చెప్పింది చెప్పినట్టే ఆయన్ని సంఘం పేరున్న పెద్ద పెట్టెలో పెట్టి, కాగితం మీద ఆయన సంతకం కూడా తీసుకున్నాను.

ఆ వారంలోనే మంచి వాన పడింది. అంతకుముందు రెండేళ్లు పంట లేదు. తెల్లారేసరికి వై.ఎన్.హొసకోట వైపు నుంచి విత్తనాల కోసం వచ్చిన రైతులతో మా వరండా నిండిపోయింది. ఎవరికెన్ని మూటలో రాసి, మేనేజరు సంతకం చేసిన జాబితా అందితే తప్ప గోడౌను తెరవరు. సంతకమయ్యేదాకా జాబితా ఇంకొకరి చేతిలో పడకూడదని ఆయన దాన్ని తన ఫైళ్లలోనే దాచుకున్నారు. ఇప్పుడు ప్రింటు నొక్కారు. అధికారం లేదని తెర మీద వచ్చింది. మళ్లీ నొక్కారు. మళ్లీ అదే.

పక్క గదిలో సావిత్రమ్మ కొట్టిన ఉత్తరాలు మాత్రం టకటకమని వస్తున్నాయి. నేను వైరు సరిచూస్తున్నట్టు బల్ల కింద దూరి నవ్వు ఆపుకున్నాను.

అప్పుడు కిటికీ దగ్గర నిలబడిన ఒక పెద్దాయన లోపలికి తొంగి చూశాడు. "ఏందప్పా ఆలస్యం? పదును ఆరిపోతే చెనిక్కాయలు యాడ ఏసేది?"

నా నవ్వు ఆగిపోయింది. నేను ఆటపట్టించింది మేనేజరును. తెల్లారినప్పటి నుంచీ నిలబడింది మాత్రం వీళ్లు.

బల్ల కింద నుంచి లేచి, మేనేజరుగారికి సంగతి ఉన్నదున్నట్టు చెప్పాను. సావిత్రమ్మ గుమ్మంలోంచి అంది: "సార్‌ను మా డబ్బాలోకి దించేయండి మేడమ్. మేమేం అనుకోము."

దించాను. ఆయన లాగౌట్ అయి, మళ్లీ లాగిన్ అయ్యారు. జాబితా వచ్చింది. మధ్యాహ్నంలోపు వేరుశనగ విత్తనాల మూటలు బండ్లెక్కాయి.

సాయంత్రం ఆయన నన్ను మళ్లీ పిలిచారు. తెర మీద పేర్లు అక్షరక్రమంలో ఉన్నాయి. మొదటి పేరు గోడౌను కీపరు ఆదెప్పది. "ఈయప్ప నాకన్నా పైన ఎట్ల ఉండాడు?" అని అడిగారు. ఇంగ్లీషు అక్షరాల వరుస అని వివరించాను. ఆయన తృప్తిపడలేదు. చివరికి ఆయన లాగిన్ పేరుకు ముందు మూడు 'ఏ'లు చేర్చాను. నేను తిరిగి వెళ్లేదాకా మళ్లీ ఏ ఫిర్యాదూ రాలేదు.

ఆ తరువాత ఎన్నో శాఖల్లో ట్రీలు కట్టాను. మనిషిని హోదా చూసి కాకుండా పని చూసి పెట్టెలో పెట్టాలని, పెద్దరికాన్ని పేరులోనే సర్దేయవచ్చని పావగడలోనే నేర్చుకున్నాను. మూడో సంగతి కూడా ఉంది: అధికారిని ఆటపట్టించే ముందు, వరండాలో ఎవరు నిలబడి ఉన్నారో చూసుకోవాలి.