గోడ మీద ఆరేసిన మ్యాట్

2004లో ఆకివీడు దగ్గర ఒక ఐస్ ఫ్యాక్టరీకి నన్ను పిలిపించారు. హెచ్‌టీ రూమ్‌కి, అంటే పదకొండు వేల వోల్టుల కరెంటు వచ్చి చేరే గదికి, కొత్త ఫ్లోరింగ్ ఏది వేయాలో చెప్పాలి. ఏలూరు నుంచి బస్సులో ఒక్కణ్ణే వెళ్లాను. తిరుగుడు ఉద్యోగంలో పలకరించే దిక్కుండదు.

అంతకుముందే ఆ గది చూసుకునే ఆపరేటర్ దేవసహాయానికి స్విచ్‌ల ప్యానెల్ పిడి పట్టుకోగానే షాక్ కొట్టింది. ఎలాగో ప్రాణం దక్కింది. ఓనరుగారు మాత్రం తేల్చేశారు.

"పెద్దవాడైపోయాడండీ, మతి ఉండట్లేదు. నెలాఖరుకి పంపించేస్తాను. మీరు మంచి టైల్స్ చెప్పండి చాలు."

గది చూడగానే నాకు ఒళ్లు మండింది. నున్నటి టైల్స్, వాటి మీద తడి. గుమ్మం బయట చెప్పులు. ఇన్సులేటింగ్ మ్యాట్ అని, కరెంటు మన ఒంట్లోంచి నేలలోకి దిగకుండా కాపాడే రబ్బరు షీటు ఉంటుంది. ప్యానెల్ ముందు ఉండాల్సిన ఆ షీటు ప్రహరీ గోడ మీద ఎండుతోంది!

"ఇదేం పనండీ బాబూ? చచ్చిపోదామనా?" అని దేవసహాయం మీద అరిచాను.

ఆయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "పొద్దున్నే గది కడిగి అది ఆరేస్తానండీ. లోపల సిలువ బొమ్మ ఉంది కదండీ, చెప్పులతో ఎలా తిరుగుతాం?"

"కరెంటు గది కడగమని ఎవరు చెప్పారండీ మీకు?"

"మా ఆవిడ ఇల్లు కడక్కుండా పొయ్యి ముట్టించేది కాదండీ. ఆవిడ పోయాక కొల్లేటికోటలో ఇంటికి తాళం వేసేశాను. ఇప్పుడు ఇల్లన్నా, తోడన్నా నాకీ గదేనండీ."

నా కోపం దిగిపోయింది. నేనూ రోజూ తాళం తీసి చీకటింట్లోకి వెళ్లేవాణ్ణే. ఈయన్ని ఇక్కణ్ణుంచి పంపేస్తే ఎక్కడికి పోతాడు?

ప్యానెల్ అంతా పరీక్షించి, ఓనరుగారి దగ్గరికెళ్లి గట్టిగానే చెప్పాను. "తప్పంతా మనిషిది కాదండీ. షాక్ కొట్టకుండా కరెంటును భూమిలోకి దించే ఎర్తింగ్ తీగ వదులైంది, నున్నటి నేల మీద తడి నిలిచింది. ఆయన్ని మార్చినా గది మారదు."

"మీ పూచీనా అండీ?"

"నా పూచీయే."

ఎర్తింగ్ బాగుచేయించి, టైల్స్ పీకించి గరుకు సిమెంటు నేల వేయించాను. మ్యాట్‌ను కదలకుండా అతికించాం. దేవసహాయానికి రబ్బరు అడుగున్న బూట్లు ఇప్పించాను. సిలువ బొమ్మను వరండాలోకి మార్చి, నీళ్లు లోపలికి రాకుండా గుమ్మానికి గట్టు కట్టించాను.

"వరండా ఎంతైనా కడుక్కోండి. లోపల చుక్క పడకూడదు," అన్నాను.

కొన్నాళ్లకు చూడ్డానికి వెళ్లాను. ఆయన ఉద్యోగం నిలిచింది. గది పొడిగా ఉంది, వరండా తళతళలాడుతోంది.

"కాసేపు కూర్చుంటారా అండీ? మీరొస్తున్నారని తెలిసి ఇవాళ రెండుసార్లు కడిగాను," అన్నాడు.

ఆ తర్వాత ఏ గదికి నేల చెప్పాల్సి వచ్చినా వోల్టేజీతో పాటు, అందులో రోజంతా ఉండే మనిషెవరో కూడా అడుగుతూ వచ్చాను. ఆ రోజు మాత్రం చెప్పులు విప్పి ఆ వరండాలో ఆఖరి బస్సు దాకా కూర్చున్నాను. ఇంటికి తొందరేముంది నాకు?